నీటి హద్దు నెరిగిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

హైదరాబాదు నగరం నుంచి శంషాబాదు వైపు సాగే బాట మీద కాటేదాన్ ఉన్నది. దానికి పడమట హిమాయత్‌సాగర్, దక్షిణాన గగన్‌పహాడ్, ఆ పైన శంషాబాదు. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో కాటేదాన్ పారిశ్రామికవాడగా పెరిగినది. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయం తెరిచిన మీదట ఆ బాటకు రద్దీ మరింత హెచ్చినది. యంత్రాల చప్పుడు నడుమ, లారీల దుమ్ము నడుమ ఆ నేల అసలు స్వరూపం కంటికి ఆనదు. అది చెరువుల నేల. పై చెరువు అలుగు దూకిన నీరు కింది చెరువుకు, దాని అలుగు దూకిన నీరు ఆ కింది కుంటకు చేరే విధంగా పూర్వులు ఏర్పరచిన గొలుసుకట్టు అక్కడ కలదు. ఈ గొలుసు ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో, తెగితే ఏమవుతుందో అంకెలతో లెక్కగట్టి హైదరాబాదు ప్రభుత్వానికి చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. దివాను, ఆనకట్టల నిర్మాత, భారతరత్న అనే పేర్లతో వారిని దేశమంతా ఎరుగును. నీరు తన్ను తానే అదుపు చేసికొనే ఉపాయాన్ని కనిపెట్టినవారుగా, ఆ ఉపాయానికి గల హద్దును కూడా గుర్తించినవారుగా వారిని తలచుకోవడం తక్కువ.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం అనే గ్రామం వారి ఇంటిపేరైనది. ఆ కుటుంబం చాలకాలం క్రితమే మైసూరు సంస్థానానికి వలసపోయి, చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో స్థిరపడినది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. కలిమి లేని ఇల్లు. పిల్లవాడు పెద్ద చదువులకు రాక మునుపే తండ్రి గతించారు. బెంగుళూరులో మేనమామ ఆదరణలో ఉంటూ, పిల్లలకు పాఠాలు చెప్పి పొట్టపోసికొంటూ ఆ విద్యార్థి సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. పిమ్మట మైసూరు సంస్థానం ఇచ్చిన విద్యార్థివేతనంతో పూనా సైన్సు కాలేజీలో చేరి 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమస్థానం పొందారు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వం వారి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించారు.

ఆ కొలువు ఇరవై నాలుగేళ్ళు సాగినది. ఖాందేశ్‌లో ఏటి అడుగు నుంచి గొట్టం ద్వారా నీటిని దాటించారు. సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి వసతి కల్పించారు. దక్కను కాలువల కింద రైతులకు నీటిని వంతులవారీగా పంచే బ్లాకు పద్ధతిని 1899లో ప్రవేశపెట్టారు. అరేబియా సముద్రం దాటి ఏడెన్ నగరానికి పోయి అక్కడి నీటి సరఫరాకు, మురుగునీటి పారుదలకు పథకం రచించారు. ఇన్ని పనులలో వారి ప్రతిభకు గీటురాయి వంటిది పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయంలో 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు.

అక్కడి చిక్కు ఇది. పూనా నగరానికి, కాలువలకు నీటి అవసరం పెరిగినది. వానాకాలంలో వరద నీరు అలుగు మీదుగా పొర్లి వృథాగా పోతున్నది. ఆనకట్టను ఎత్తు చేయకుండా ఆ నీటిని నిలపాలంటే అలుగు మీద తలుపులు పెట్టాలి. కాని తలుపులు మూసి ఉన్నప్పుడు హఠాత్తుగా వరద వస్తే కట్టకు ప్రమాదం. అర్ధరాత్రి కుండపోతలో కావలివాడు వచ్చి తలుపు ఎత్తుతాడనే నమ్మకం మీద నగరాన్ని నిలపడం వివేకం కాదు.

విశ్వేశ్వరయ్యగారు ఆ కావలి పనిని నీటికే అప్పగించారు. తలుపులను గొలుసులతో బరువులకు వేలాడదీసి, రెండు వైపులా ఇంచుమించు సరితూగేటట్లు చేశారు. పక్కన ఒక తొట్టి వంటి బావి కట్టారు. జలాశయంలో నీరు నిర్ణయించిన మట్టం దాటగానే ఆ నీరే బావిలోనికి దుముకుతుంది; బావిలోని తేలుడు బరువు పైకి లేస్తుంది; తూకం మారుతుంది; తలుపులు తెరుచుకొంటాయి. వరద తగ్గి మట్టం దిగితే బావిలో నీరు కారిపోతుంది, తూకం మళ్ళీ మొదటికి వస్తుంది, తలుపులు మూసికొంటాయి. కొలిచేదీ నీరే, ఆజ్ఞ ఇచ్చేదీ నీరే, ఆజ్ఞ పాటించేదీ నీరే. ఆ తలుపులకు పేటెంటు లభించినది గాని, ప్రభుత్వోద్యోగంలో ఉండి కనిపెట్టినదానికి ప్రతిఫలం పుచ్చుకోరాదని వారు రాయల్టీని నిరాకరించారు. తరువాత గ్వాలియరు సంస్థానంలోని టిగ్రాలోను, మైసూరులోని కృష్ణరాజసాగరంలోను ఇట్టి తలుపులే అమరినవి.

పనియొక్క ఫలితమే తిరిగివచ్చి ఆ పనిని సరిదిద్దడాన్ని శాస్త్రజ్ఞులు పునర్నివేశం అంటారు. పద్దెనిమిదవ శతాబ్ది చివర జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తిరుగుడు గుండ్ల గవర్నరు అమర్చినదీ ఈ సూత్రం మీదనే. యంత్రం వేగం హెచ్చితే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి; వేగం తగ్గితే గుండ్లు దిగి ఆవిరిని హెచ్చిస్తాయి. కాని కొన్ని యంత్రాలలో ఈ గవర్నరే చేటు తెచ్చినది. దిద్దుబాటు ఆలస్యమైనా, అతిగా చేసినా యంత్రం వేగం ఒకసారి హెచ్చుతూ ఒకసారి తగ్గుతూ ఊగిసలాడసాగినది. ఎట్టి గవర్నరు యంత్రాన్ని కుదుటపరుస్తుందో, ఎట్టిది ఊపివేస్తుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితంతో విచారించారు. 1892లో రష్యా దేశస్థుడు లియాపునోవ్ స్థిరత్వం అనే భావానికి గట్టి పునాది వేశారు.

ఆ భావాన్ని తరగతి గదిలో ఒక గిన్నె, ఒక గోలీ చాలు చూపడానికి. గిన్నె అడుగున ఉన్న గోలీని కొంచెం కదిపితే అటూ ఇటూ దొర్లి మళ్ళీ అడుగుకే చేరుతుంది. అది స్థిరత్వం. గిన్నె అంచు దాటేటంత గట్టిగా తోస్తే గోలీ బయటపడి తిరిగి రాదు. గోలీ అదే, గిన్నె అదే. మారినది తోపు పరిమాణం ఒక్కటే. అంచుకు ఇవతల దిద్దుకొనే ఏర్పాటు అంచుకు అవతల నిస్సహాయమవుతుంది. కాబట్టి ఒక వ్యవస్థ స్థిరమైనదా అని అడిగితే చాలదు, ఎంతవరకు స్థిరమైనది అని అడగాలి. ఈ రెండవ ప్రశ్నను విశ్వేశ్వరయ్యగారి ఎదుట నిలిపినది మూసీనది.

1908 నాటికి వారు బొంబాయి కొలువు నుంచి విరమించుకొని విదేశయాత్రలో ఉన్నారు. ఆ సెప్టెంబరు 28న హైదరాబాదును మూసీ ముంచివేసినది. నాటి ముంపులో సుమారు పదిహేను వేలమంది మరణించారని చెబుతారు. వేల ఇళ్ళు కూలినవి. వంతెనలు కొట్టుకొనిపోగా పురానాపూల్ నిలిచినది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటి తరం వారికీ పరిచితమే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పంపిన ఆహ్వానం విశ్వేశ్వరయ్యగారికి ఇటలీలో అందినది. 1909లో వారు హైదరాబాదు చేరి పని ఆరంభించి, ఆ అక్టోబరులో నివేదిక సమర్పించారు.

వారు చేసిన మొదటి పని నదిని వదలి వానను వెదకడం. పరివాహక ప్రాంతపు నడుమ ఉన్న శంషాబాదు వర్షమాపక కేంద్రంలో ఒక్క దినంలో 12.8 అంగుళాల వాన, రెండు దినాలలో 18.9 అంగుళాల వాన నమోదైనది. రెండవ పని చెరువులను లెక్కించడం. హైదరాబాదుకు ఎగువన మూసీ పరివాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు, అనగా ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. ఆ వానకు వాటిలో 221 చెరువులు తెగినవి. నగరం దగ్గర వరద ప్రవాహం గరిష్ఠంగా సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని వారు అంచనా కట్టారు.

ఈ అంకెలలోనే అసలు సంగతి ఉన్నది. కట్టలు నిలిచి ఉన్నంతసేపు చెరువులు నగరానికి రక్షకులు. పైనుంచి దూకే నీటిని ఆపి, నిదానింపజేసి, అలుగు మీదుగా కొద్దికొద్దిగా వదులుతాయి. వాన కొంత హెచ్చితే ప్రవాహమూ కొంత హెచ్చుతుంది. కారణానికి తగినంతే కార్యం. కాని ఒక కట్ట తెగిన క్షణాన లెక్క తలకిందవుతుంది. అందులో నెలల తరబడి నిలిచిన నీరు కొద్ది గంటలలో కింది చెరువు మీద పడుతుంది. ఆ కట్ట వాన నీటికి తట్టుకొనగలిగినదే గాని, వాననూ పై చెరువునూ కలిపి తట్టుకొనజాలదు. అది తెగితే దాని కిందిదానికి రెండు చెరువుల భారం. రక్షకులే భక్షకులవుతారు. కారణం పిసరంత పెరిగితే కార్యం కొండంత పెరిగే ఇట్టి నడతను అరేఖీయ చలనం అని నేటి శాస్త్రగ్రంథాలు వ్యవహరిస్తున్నవి. ఆ పేరు వాడకపోయినా విశ్వేశ్వరయ్యగారు పట్టుకొన్నది ఆ తత్త్వాన్నే.

చికిత్సలో కూడ ఆ తత్త్వమే కనిపిస్తుంది. నగరంలో నది ఒడ్డున ఎత్తయిన గోడలు కడితే చాలునని తలచడం సులభం. గోడలు అవసరమేనని, ఒడ్డులను ఎత్తు చేసి అందంగా తీర్చి ఉద్యానవనాలు వేయాలని వారు సూచించారు. కాని అది రెండవ మాట. నగరానికి ఎగువన, మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు మహాజలాశయాలు కట్టి, వాటిలో వరదకు చోటు ఖాళీగా ఉంచి, వచ్చిన వరదను అందులో ఆపి, నగరం భరించగలిగినంత మట్టుకే కిందికి విడవాలన్నది మొదటి మాట. 221 కట్టలు ఒకేసారి తెగినా ఆ నీరు నగరం మీద పడే లోపుగా దానికి కాలు నిలపడానికి ఒక చోటు దొరకాలి. గోలీ అంచు దాటే ప్రమాదం ఉన్నప్పుడు గిన్నెనే పెద్దది చేయడం వంటిది ఆ ఉపాయం.

మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయినవి. నవాబు అలీ నవాజ్ జంగు వంటి స్థానిక ఇంజనీర్ల కృషి ఆ నిర్మాణాలలో కలదు. వరదను ఆపడంతో పాటు ఆ రెండు జలాశయాలు హైదరాబాదుకు దశాబ్దాల తరబడి మంచినీరిచ్చినవి. అయితే ఈ రెండు ప్రయోజనాలకు లోలోపల ఒక వైరం ఉన్నది. తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి. వరద రక్షణకు కొంత ఖాళీగా ఉండాలి. ఎంత నింపాలి, ఎప్పుడు విడవాలి అనే నిర్ణయం ఏ తలుపూ తనంత తాను చేయలేదు. అది వానను, ఎగువ ప్రవాహాన్ని, దిగువ జనావాసాన్ని చూచుకొని మనుషులు ఏటేటా సవరించుకోవలసిన లెక్క.

హైదరాబాదు పని పిమ్మట విశ్వేశ్వరయ్యగారు 1909లోనే మైసూరు ప్రధాన ఇంజనీరుగా, 1912లో దివానుగా నియుక్తులయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగరం పని 1911లో ప్రారంభమైనది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వారి దివానుగిరిలో వెలసినవి. 1918లో పదవి విడిచిన తరువాత భద్రావతి ఇనుము కర్మాగారాన్ని చక్కదిద్దారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థను గురించి గ్రంథం రచించారు. 1937లో ఒరిస్సా వరదలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో బీహారులో గంగ మీద కట్టదలచిన వంతెన స్థలనిర్ణయం కొరకు తిరిగారు. 1955లో భారతరత్న లభించినది. 1960లో దేశం వారి శతజయంతి జరుపుకొన్నది.

ఆ మరుసటి ఏటనే, వారు జీవించి ఉండగానే, వారి యౌవనకాలపు కీర్తిస్థానం మీద దెబ్బ పడినది. 1961 జూలై 12న పూనాకు ఎగువన, ఇంకా నిర్మాణంలో ఉన్న పాన్‌షేత్ మట్టి ఆనకట్ట తెగినది. ఆ నీరంతా దిగువనున్న ఖడక్‌వాస్లా మీద పడినది. ఏటేటా వచ్చే వరదను దశాబ్దాలపాటు దిద్దుతూ వచ్చిన ఆనకట్ట ఆనాటి తాకిడికి నిలువలేక తానూ తెగినది. పూనా నగరం మునిగినది. దానిని తలుపుల లోపమని తలచరాదు. ఆ తలుపులకు నిర్ణయించిన పని వానాకాలపు వరదను మట్టంలో ఉంచడం. పై ఆనకట్ట యావత్తు ఒక్క పూటలో మీద పడడం ఆ గిన్నె అంచుకు అవతలి సంగతి. మూసీ చెరువుల విషయంలో 1909లో విశ్వేశ్వరయ్యగారు నివేదించిన సత్యమే పూనాలో మరోసారి రుజువైనది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు దాటిన వయస్సున వారు బెంగుళూరులో కన్నుమూశారు. వారి జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినంగా పాటిస్తున్నది.

వారి చివరి సంవత్సరాలలోనే నియంత్రణ శాస్త్రం మరొక మెట్టు ఎక్కినది. ఖడక్‌వాస్లా తలుపుకు ఒకే నియమం. మట్టం దాటితే తెరుచుకోవడం, దిగితే మూసికోవడం. పరిస్థితి మారినప్పుడు తన నియమాన్నే మార్చుకొనగల యంత్రాన్ని నిర్మించాలని 1950 దశకంలో శాస్త్రజ్ఞులు పూనుకొన్నారు. నేల దగ్గరి దట్టమైన గాలిలోను, ఆకాశపు అంచున ఉండే పలుచని గాలిలోను ఎగిరే విమానానికి ఒకే నియమం చాలకపోవడం దీనికి ప్రేరణ. దీనినే అనుకూలన నియంత్రణ అంటారు. కాని నియమం మార్చుకొనే శక్తి కూడ ప్రమాదరహితం కాదు. 1967 నవంబరులో అమెరికాలో అట్టి నియంత్రకం అమర్చిన ఎక్స్-15 విమానం కుదుటపడలేక ఊగిసలాడి విచ్ఛిన్నమైనది. చోదకుడు మైకేల్ ఆడమ్స్ మరణించారు. తన్ను తాను దిద్దుకొనే యంత్రానికి సైతం స్థిరత్వపు హద్దు ఎక్కడనో ముందుగా తేల్చుకోవాలని ఆ శాస్త్రం అప్పటినుంచి మరింత పట్టుబట్టినది.

కాటేదాన్ పరిసరాలకు ఈ పాఠం పుస్తకాల సంగతి కాదు. హిమాయత్‌సాగర్ ఈసీ వరదను ఆపగలదు గాని, దానికి తూర్పుగా గగన్‌పహాడ్, మైలార్‌దేవ్‌పల్లి పక్కల చెరువుల నీరు ఆ జలాశయంలో కలియదు. అది పాతబస్తీ వైపు దిగుతుంది. 2020 అక్టోబరు 13న కురిసిన మహావర్షానికి గగన్‌పహాడ్ దగ్గరి అప్పా చెరువుకు గండి పడినది. బెంగుళూరు జాతీయ రహదారి కోసుకొనిపోయినది. మనుషులు వరదలో కొట్టుకొనిపోయారు. నూట పన్నెండేళ్ళ క్రితం వానమాపకం కొలిచిన శంషాబాదుకు అది ఎంతో దూరం కాదు. నాడు చెరువు కింద పొలాలుండేవి. గండి పడితే పైరు పోయేది. నేడు ఇళ్ళు, కర్మాగారాలు ఉన్నవి. అలుగు నీరు పోయే దారి ఇరుకైతే చెరువుయొక్క గిన్నె అంచు కిందికి దిగినట్టే. పూర్వం నిలిచిన వానకే ఇప్పుడు గండి పడగలదు. కట్ట ఎత్తు మారకపోయినా స్థిరత్వం తరిగిపోతుంది.

విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదుకు ఇచ్చినవి రెండు జలాశయాలని చెప్పడం పరిపాటి. వాటితో పాటు వారు ఒక చూపు కూడ ఇచ్చారు. కట్టను చూచేటప్పుడు దాని పై చెరువును చూడాలి. అలుగును చూచేటప్పుడు దాని కింది దారిని చూడాలి. నిండిన నీటిని చూచి సంతోషించేటప్పుడు, రాబోయే వరదకు ఎంత ఖాళీ మిగిలినదో లెక్క చూడాలి. 788 చెరువులను ఒక్కొక్కటిగా లెక్కించిన ఆ ఓర్పు, నీటి చేతనే నీటిని అదుపు చేయించిన ఆ నేర్పు, ఆ అదుపుకు హద్దు ఉన్నదని ఒప్పుకొన్న ఆ వినయం, ఈ మూడూ కలిసిన ఇంజనీరు వారు. కాటేదాన్ బడిపిల్లలు తమ ఊరి చెరువు ఏ చెరువు నుంచి నీరు అందుకొని ఏ చెరువుకు అందిస్తున్నదో కాగితం మీద గీయగలిగిననాడు, ఆ చూపు వారికి అందినట్లే.